నల్ల పక్కు కనపడేదాకా వెతుకు

పర్లాకిమిడి,
దసరా వెళ్ళిన వారం.

ఒరే బావా,

నీ ఉత్తరం అందింది. "మలేరియా లేదు, డెంగీ లేదు, టైఫాయిడ్‌కి చేసే వైడాల్ అటూ ఇటూ కాకుండా ఉంది, సెఫ్ట్రియాక్సోన్ యాంటీబయాటిక్ నాలుగో రోజు, అయినా జ్వరం నూట మూడు" అని రాశావు చూడు, కొండల కింద పనిచేసే ప్రతి డాక్టరు బాధా ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఇది ఏ అరుదైన జబ్బో ఎలా తేల్చుకోవాలి అన్నది ఊరికే రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. పొడుగ్గానే రాస్తున్నాను, ఓపీ అయ్యాక తీరిగ్గా చదువుకో.

అరుదైన జబ్బు అంటున్నాం గానీ, ఎక్కడ అరుదు అన్నది ముందు చూసుకోవాలి. హైదరాబాదులో ఏడాదికి ఒకటి కనపడేది, వానలు వెలిసాక ఈ రెండు నెలలూ వంశధార ఒడ్డున వరసగా కనపడుతుంది. అందుకని నువ్వు లావుపాటి పుస్తకం తిరగేసి పేర్లు వెతకడం మానెయ్. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఈ రోజుకి జ్వరం వచ్చి ఎన్నో రోజు? ఏ పరీక్ష పనికొస్తుంది, ఏది పనికిరాదు అన్నది ఆ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉంటుంది. మూడో రోజున ఐజీఎం ఎలైజా, అంటే రక్తంలో యాంటీబాడీని చూసే పరీక్ష, పంపి, నెగటివ్ రాగానే ఆ జబ్బు కాదని కొట్టిపారేయడం మన దగ్గర రోజూ జరిగే తప్పు. పరీక్ష తప్పు కాదది. ఒంట్లో యాంటీబాడీ ఇంకా పుట్టలేదు, అంతే.

రోజులు అడిగితే పాపం వాళ్ళు లెక్క చెప్పలేరు. "చాన్నాళ్ళయింది బాబూ" అంటారు. సంతని పట్టుకుని అడుగు. "మొన్న సంతకి వెళ్ళేనాటికి ఒళ్ళు వెచ్చగా ఉందా? అంతకు ముందు సంతకి?" అంటే ఒకటి రెండు రోజుల తేడాతో తేలిపోతుంది. ఆ తేదీని కేస్‌షీటు పైన పెద్ద అక్షరాలతో రాయించు. రోజులు గడిచే కొద్దీ "జ్వరం 5 రోజులు" అన్న మాటకి అర్థం పోతుంది, తేదీకి పోదు.

ఇక స్క్రబ్ టైఫస్. నీ వార్డులో సెఫ్ట్రియాక్సోన్‌కి లొంగని జ్వరాల్లో ముందుగా అనుమానించాల్సింది దీన్నే. కంటికి కనపడీ కనపడని నల్లి పిల్ల (మంచం నల్లి కాదు, 'చిగ్గర్') కుట్టిన చోట 'ఎస్కార్' కడుతుంది. సిగరెట్టుతో కాల్చినట్టు, అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా, మధ్యలో నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే రోగికే దాని సంగతి తెలియదు. "ఒంటి మీద పుండేమైనా ఉందా?" అని అడిగితే లేదనే అంటారు. అడగడం కాదు, చూడాలి. లుంగీ, చీర పక్కకి జరిపించి, మంచి వెలుతురులో చూడాలి. చంకలు, రొమ్ముల కింద, బొడ్డు, మొలతాడు కట్టుకునే చోటు, చీర కుచ్చెళ్ళు దోపుకునే చోటు, గజ్జలు, వృషణాల తిత్తి వెనక, పిరుదుల మధ్య, మోకాలి వెనక మడత, చెవి వెనక, తల వెంట్రుకల్లో. ఆడవాళ్ళ దగ్గర సిస్టరుకి నేర్పించి ఆమె చేత చూపించు, మొహమాటం అడ్డొస్తే సగం ఎస్కార్‌లు అక్కడే తప్పిపోతాయి. ఇంకో మెళకువ చెబుతాను. మడతల్లో చెమటకి పక్కు నిలవదు, ఊడిపోతుంది. అక్కడ నల్లగా కాకుండా పసుపచ్చటి అడుగుతో లోతులేని చిన్న పుండే కనపడుతుంది. నల్లటిదే వెతికేవాడు దాన్ని ఒరుపు అనుకుని వదిలేస్తాడు. అలాగే ఒక పక్క గజ్జల్లోనే బిళ్ళ కట్టి నొక్కితే నొప్పంటే, ఆ కాలూ ఆ పక్క మర్మాంగమూ మళ్ళీ మొదటి నుంచీ చూడు. బిళ్ళే నీకు దారి చూపిస్తుంది.

పక్కు దొరికితే నీ దగ్గరే అన్నిటికంటే మంచి శాంపిల్ ఉందన్నమాట. స్టెరైల్ ఫోర్సెప్స్‌తో అంచు లేపి పక్కు మొత్తాన్నీ పొడిగా ఉన్న స్టెరైల్ కంటైనర్‌లో వేసి, ఐసుమీద, క్రిమి జన్యువుని పట్టే పరీక్ష పీసీఆర్‌కి పంపు. ఫార్మలిన్‌లో మాత్రం వెయ్యకు. మందు మొదలుపెట్టి రెండు మూడు రోజులైనా పక్కులో పీసీఆర్ పాజిటివ్ వస్తుంది, రక్తంలో అంత నమ్మకం లేదు. పక్కు లేకపోతే ఐజీఎం ఎలైజా, అదీ అయిదో రోజు దాటాక. ఇంకో యాంటీబాడీ పరీక్ష వైల్ ఫెలిక్స్‌లో ఓఎక్స్-కె అంకె పెరిగితే పనికొస్తుంది, పెరగనంత మాత్రాన జబ్బు లేదని కాదు. ప్లేట్‌లెట్లు తగ్గి, కాలేయం దెబ్బని చూపే ఎస్‌జీపీటీ మూడు నాలుగు రెట్లు పెరిగి, డెంగీ నెగటివ్ వచ్చిన మనిషికి అయిదో రోజు తర్వాత దగ్గు, ఆయాసం మొదలైతే రిపోర్టు కోసం ఆగొద్దు. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, 7 రోజులు. 45 కిలోల లోపు పిల్లలకి కిలోకి 4.5 మిల్లీగ్రాములు రోజుకి, రెండు భాగాలుగా. గర్భిణికి అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు రోజుకొకసారి, 5 రోజులు. మాత్ర నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుని అరగంట పడుకోవద్దని చెప్పు, లేకపోతే గొంతులో మంటెత్తి మర్నాటికే మానేస్తారు. ఊపిరితిత్తులకో మెదడుకో పాకిన తీవ్రమైన కేసుల్లో డాక్సీ, అజిత్రో రెండూ నరంలోకి కలిపి ఇస్తే ఏ ఒక్కదానికన్నా మేలని 2023లో వచ్చిన మన దేశపు ట్రయల్ తేల్చింది. పెన్సిలిన్లు, సెఫలోస్పోరిన్లు ఈ క్రిమి మీద పనిచెయ్యవు. దానికి ఆ మందు పట్టుకునే గోడే సరిగా లేదు, పైగా మన కణాల లోపల దాక్కుంటుంది. నీ సెఫ్ట్రియాక్సోన్ నాలుగు రోజులూ వృథా అయింది అందుకే.

డాక్సీ మొదలెట్టిన 48 గంటల్లో జ్వరం దిగాలి. 72 గంటలైనా దిగకపోతే మందు మార్చే ముందు నీ అనుమానాన్ని మార్చుకో.

ఇక్కడే రెండో నల్ల పక్కు గురించి చెప్పాలి. కోరాపుట్‌లోనూ మీ రాయగడ జిల్లాలోనూ ఆంత్రాక్స్ మళ్ళీ మళ్ళీ తలెత్తుతూనే ఉంది. మన పశువుల కాపర్లు దొమ్మరోగం అంటారే, అదే. అదీ నల్ల పక్కే, అదీ నొప్పి లేనిదే. తేడా చోటులోనూ వాపులోనూ ఉంది. స్క్రబ్ పక్కు ఎక్కువగా బట్ట కప్పే మడతల్లో ఉంటుంది, చుట్టూ వాపు ఉండదు. ఆంత్రాక్స్ బట్ట కప్పని చోట వస్తుంది: వేళ్ళు, ముంజేయి, మెడ, మొహం. మొదట దోమ కుట్టినట్టు దురద పెట్టే చిన్న పొక్కు. ఒకటి రెండు రోజుల్లో దాని చుట్టూ నీటిపొక్కుల దండ. తర్వాత మధ్యలో పుండు పడి బొగ్గులా నల్లబడుతుంది. పుండు రూపాయి బిళ్ళంతే ఉన్నా చెయ్యి మోచేతి దాకా ఉబ్బిపోతుంది, నొక్కితే సొట్ట పడదు. అంత వాపుకి చీము ఉండాలి కదా అనుకుని కత్తి పెట్టబోతావు. పెట్టకు. చీము ఉండదు. కోస్తే క్రిమి రక్తంలోకి పాకే ప్రమాదం.

శాంపిల్ మందుకి ముందే తియ్యాలి, యాంటీబయాటిక్ పడ్డ ఒక రోజులోనే కల్చర్ (లాబ్‌లో క్రిమిని పెంచి చూడటం) వట్టిపోతుంది. పగలని నీటిపొక్కు ఉంటే దాన్ని తెరిచి రెండు పొడి స్వాబ్‌లు ఆ పొక్కులోని నీటిలోనే ముంచు. పక్కు దశకి వచ్చేస్తే అంచు కొంచెం లేపి స్వాబ్ కిందకి దూర్చి రెండు మూడు సెకన్లు తిప్పు. ఒకటి స్లైడుకి, ఒకటి కల్చర్‌కి. గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి చూస్తే వెదురు కణుపుల్లా చదరపు కొసలతో పెద్ద నీలం కడ్డీలు కనపడతాయి, చీముకణాలు మాత్రం అరుదు. పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ వేస్తే నీలం కడ్డీ చుట్టూ గులాబీ రంగు పొర కనపడుతుంది, అది కాప్సూల్. లాబ్ వాళ్ళకి ఫారం మీద "ఆంత్రాక్స్ అనుమానం" అని రాయడం మర్చిపోవద్దు. రాయకపోతే బెంచీ మీద ప్లేటు తెరిచి చూస్తారు, లేదా మామూలు బాసిల్లస్ కంటామినేషన్ అని పారేస్తారు. చర్మానికే పరిమితమైతే సిప్రోఫ్లాక్సాసిన్ 500 రెండుపూటలా గానీ డాక్సీ 100 రెండుపూటలా గానీ, 7 నుంచి 10 రోజులు. మందు పడ్డా పక్కు తన దశలన్నీ దాటాకే ఊడుతుంది, మందు పనిచెయ్యడం లేదని కంగారుపడొద్దు. జ్వరం, తలనొప్పి, కడుపునొప్పి, నెత్తురు విరేచనాలు ఏవైనా ఉంటే అది చర్మం దాటిందనే అనుకో. నరంలోకి మందులతో అదే రోజు బరంపురానికో కోరాపుట్‌కో మెడికల్ కాలేజీకి పంపించు.

చరిత్ర అడగడంలో ఒక సున్నితం ఉంది. "చచ్చిన పశువు మాంసం తిన్నారా?" అంటే ఎవరూ ఒప్పుకోరు, కోప్పడతావని భయం. "ఈ పక్షంలో ఊళ్ళో పశువేదైనా పడిపోయిందా? ఎవరెవరు పంచుకున్నారు? తోలు ఎవరు ఒలిచారు?" అని మామూలుగా అడుగు. పేదవాడికి పడిపోయిన ఎద్దు అంటే నష్టం. అందులో కొంతైనా దక్కించుకోవాలనుకోవడం తప్పుగా చూడొద్దు. ఒలిచినవాడి చేతులు, కోసినవాడి చేతులు, వండినావిడ చేతులు వరసగా చూడు, ఒక్క ఇంటితో ఆగిపోదు. ముక్కులోంచి, వెనకనుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారి చచ్చిందంటే ఆ కళేబరాన్ని ఎవరూ కొయ్యకూడదు. గాలి తగిలితేనే క్రిమి గట్టి పెంకున్న స్పోర్‌గా మారి మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. జిల్లా సర్వైలెన్స్ యూనిట్‌కి, పశువైద్యుడికి అదే పూట ఫోన్ చెయ్యి.

ఏ నల్ల పక్కో తేలకపోతే ఎలా అంటావు. డాక్సీ రెండింటి మీదా పనిచేస్తుంది. శాంపిల్ తీసుకో, మొదలుపెట్టు, ఆ తర్వాత తేల్చుకో.

ఇప్పుడు నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్న జబ్బు, మెలియాయిడోసిస్. దీన్ని మొదట 1912లో విట్‌మోర్, కృష్ణస్వామి రంగూన్ నుంచి ప్రపంచానికి చెప్పారు. గోపాలపురం రేవులో ఓడెక్కి మన గంజాం, శ్రీకాకుళం జనం రంగూన్‌కి కూలికి పోయే రోజులవి. మరి వరి మళ్ళ మట్టిలోనూ నీళ్ళలోనూ బతికే ఆ క్రిమి మన పొలాల్లో లేదని ఎందుకు అనుకుంటాం? ఉంది. కనపడకపోవడానికి కారణం, దాన్ని పట్టుకోవాల్సిన చోట తప్పు పేరు పెట్టి వదిలేస్తున్నాం.

మనిషి ఎలా ఉంటాడంటే: నలభై, యాభై ఏళ్ళ రైతు, షుగరు ఉంది, మందు సరిగా వాడడు. ఊడ్పుల్లో బురదలో తిరిగాడు. న్యుమోనియాతో గానీ, కారణం తెలియని సెప్సిస్‌తో గానీ, లేకపోతే నెలల తరబడి జ్వరంతో చిక్కిపోయి గానీ వస్తాడు. ఈ మూడో రకానికి టీబీ అని మందులు మొదలెట్టేస్తాం. కఫంలో టీబీ క్రిములు లేవు, టీబీ జన్యుపరీక్ష సీబీనాట్ నెగటివ్, అయినా ఎక్స్‌రే చూసి టీబీ అంటాం. అలాంటి ప్రతి షుగరు రోగికీ పొట్ట స్కానింగ్ చేయించు. కాలేయంలోనో ప్లీహంలోనో ఒకటికి మించి చిన్న చిన్న గడ్డలు, తేనెపట్టు గదుల్లా, కనపడితే ఇదే ముందు గుర్తుకు రావాలి. మగవాళ్ళలో ప్రొస్టేట్ కూడా చూడమను. మోకాలి కీలులో చీము, పిల్లల్లో చెవి ముందర పెరోటిడ్ అనే లాలాజల గ్రంథిలో చీము కూడా దీని రూపాలే.

నిర్ధారణ కల్చర్‌తోనే. అది కూడా పదిమందిలో ఆరుగురినే పట్టుకుంటుంది, కాబట్టి ఒక్క చోటి నుంచి పంపి ఊరుకోకు. రక్తం, చీము, కఫం, మూత్రం, గొంతు స్వాబ్, అన్నీ పంపు, ఆ చోట బాధ ఏమీ లేకపోయినా పంపు. ఇక లాబ్‌లో జరిగేది నీకు తెలిసి ఉండాలి. గ్రామ్ స్టెయిన్‌లో ఎర్రటి కడ్డీ, రెండు కొసలే రంగు పట్టి మధ్య వెలవెలబోతుంది, పిన్నీసులా. ఆక్సిడేజ్ అనే లాబ్ పరీక్ష పాజిటివ్. మొదటిరోజు ప్లేటు మీద ఏమీ తోచదు. రెండో రోజు, మూడో రోజుకి కాలనీ ఎండి ముడతలు పడుతుంది. ఇరవై నాలుగ్గంటలకే ప్లేటు పారేసే లాబ్‌లో ఇది ఎప్పటికీ దొరకదు. దొరికినా "సూడోమోనాస్ స్పీషీస్" అని రిపోర్టు వస్తుంది. అప్పుడు నువ్వు చూడాల్సింది పేరు కాదు, కింద ఉన్న యాంటీబయాటిక్ పట్టీ. జెంటామైసిన్‌కి రెసిస్టెంట్ (లొంగదు), కొలిస్టిన్‌కి రెసిస్టెంట్, అమాక్సిక్లావ్‌కి సెన్సిటివ్ (లొంగుతుంది). ఈ మూడూ ఒక్క కాగితం మీద కనపడితే అది మామూలు సూడోమోనాస్ కాదు. మామూలు సూడోమోనాస్ అమాక్సిక్లావ్‌కి లొంగదు, కొలిస్టిన్‌కి సాధారణంగా లొంగుతుంది. ఇక్కడ సరిగ్గా తలకిందులు. వెంటనే లాబ్‌కి ఫోన్ చేసి ఆ కాలనీని పారేయకుండా ఉంచమను, వాసన చూడొద్దని, సేఫ్టీ క్యాబినెట్‌లోనే ముట్టమని చెప్పు, పెద్ద లాబ్‌కి పంపించు.

మందు సెఫ్టాజిడైమ్ 2 గ్రాములు ఆరు నుంచి ఎనిమిది గంటలకొకసారి, ప్రాణం మీదికి వస్తే మెరోపెనెమ్ 1 గ్రాము ఎనిమిది గంటలకి. తక్కువలో తక్కువ 10 నుంచి 14 రోజులు, లోపల గడ్డలుంటే నాలుగు వారాలు. సెఫ్ట్రియాక్సోన్ లాబ్‌లో సెన్సిటివ్ అని వచ్చినా నమ్మొద్దు, దానితో చావులు ఎక్కువ. జ్వరం దిగడానికి తొమ్మిది పది రోజులు పడుతుంది. నాలుగో రోజే మందు పనిచెయ్యలేదని మార్చేస్తే మొత్తం చెడుతుంది. తర్వాత కో-ట్రైమాక్సజోల్, 40 నుంచి 60 కిలోల మనిషికి 80/400 మాత్రలు మూడేసి, రెండు పూటలా, మూడు నెలలు. క్రియాటినిన్, పొటాషియం చూస్తూ ఉండాలి. ఈ మూడు నెలలు ఎగ్గొట్టినవాళ్ళకే జబ్బు ఎక్కువగా తిరగబెడుతుంది. కొండ మీది ఊరైతే ఆశా కార్యకర్తకి తేదీలు రాసిచ్చి అప్పగించు.

మలేరియా సంగతి ఒక్కటి చెప్పి ముందుకి వెళ్తాను. కిట్ పాజిటివ్ వచ్చిందంటే జ్వరానికి కారణం దొరికేసిందని కాదు. ఫాల్సిపారం గీత హెచ్‌ఆర్‌పీ-2 అనే ప్రొటీన్‌ది, మందు వేసి క్రిములు చచ్చినా అది మూడు నాలుగు వారాలు రక్తంలో తిరుగుతూ ఉంటుంది. కొండ ఊళ్ళలో జ్వరమే లేకుండా రక్తంలో క్రిములున్నవాళ్ళూ ఉంటారు. కాబట్టి స్లైడు చూపించి క్రిములెన్నో లెక్కపెట్టించు. మందు పూర్తిగా వేసినా మూడో రోజుకి జ్వరం అలాగే ఉంటే మళ్ళీ బట్టలు జరిపి పక్కు వెతుకు. మలేరియా, స్క్రబ్ రెండూ ఒక మనిషిలో ఉండటం ఇక్కడ వింతేమీ కాదు. కిట్ నెగటివ్ వచ్చినా అనుమానం ఉంటే 12 గంటలకొకసారి మూడు స్లైడ్లు.

లెప్టో (లెప్టోస్పైరోసిస్) జ్వరంలో కళ్ళు ఎర్రబడతాయి గానీ పుసి కట్టదు, పిక్కలు పట్టుకుంటే అరుస్తాడు, బిలిరుబిన్ ఆకాశంలో ఉన్నా ఎస్‌జీపీటీ అంతగా పెరగదు. మొదటి వారం రక్తంలో పీసీఆర్, తర్వాత ఐజీఎం. మేకల కాపరికి నెలల జ్వరం, నడుంనొప్పి, వృషణం వాపు ఉంటే పశువుల నుంచి అంటే బ్రూసెల్లా. దాని అగ్లూటినేషన్ పరీక్షలో సీరాన్ని పలచన చేస్తూ పోవడం (టైటర్) 1:160 దగ్గర ఆపొద్దను, యాంటీబాడీ మరీ ఎక్కువుంటే తక్కువ డైల్యూషన్లలో నెగటివ్‌లా కనపడుతుంది, 1:1280 దాకా వెళ్ళమను. టీబీ మందుల్లో ఉన్న రిఫాంపిసిన్‌కి ఇది సగం తగ్గి మోసం చేస్తుంది, అందుకని టీబీ మందు మొదలెట్టే ముందే రక్తం తీసి ఉంచు.

పిల్లల గురించి అడిగావు. 2016లో మల్కన్‌గిరిలో జరిగింది గుర్తుంది కదా, పిల్లలు స్పృహ తప్పి చనిపోతుంటే అన్నీ మెదడువాపు అనుకున్నారు. కొందరికి జపనీస్ ఎన్‌సెఫలైటిస్ నిజమే. చాలామందికి కాదు, కసింద గింజల విషం అని తర్వాత నిపుణుల సంఘం చెప్పింది. ఒడియాలో బొణ చకుండా అంటారు, మన గట్ల మీద పెరిగేదే. తెల్లవారుజామున వాంతులు, జ్వరం లేదు లేదా నామమాత్రం, చక్కెర పడిపోవడం, ఎస్‌జీపీటీ బాగా పెరగడం, వెన్నునీరు శుభ్రంగా ఉండటం. అలాంటి పిల్లని గుమ్మంలోకి తేగానే గ్లూకోమీటర్ పెట్టు, పరీక్షలన్నీ తర్వాత. కాయలేమైనా తిన్నదా అని తల్లిని కాదు, తోటి పిల్లల్ని అడుగు.

ఇక శాంపిల్ పంపడం. బ్లడ్ కల్చర్‌కి పెద్దవాళ్ళకైతే ఒక్కో సీసాకి 8 నుంచి 10 మిల్లీలీటర్లు, రెండు వేర్వేరు చోట్ల నుంచి, యాంటీబయాటిక్‌కి ముందు. రెండు మిల్లీలీటర్లు వేసి నెగటివ్ అనుకోవడం దండగ. చర్మం మీద పూసింది ఆరేదాకా ఆగాలి, పోవిడోన్ అయోడిన్ అయితే రెండు నిమిషాలు. ఆ సీసాలు ఫ్రిజ్‌లో పెట్టొద్దని సిస్టర్లకి పదేపదే చెప్పు, చల్లబడితే సున్నితమైన క్రిములు చచ్చిపోతాయి. సీరం దానికి పూర్తిగా వేరు: అయిదు మిల్లీలీటర్లు సాదా ట్యూబులో, అరగంట గడ్డకట్టనిచ్చి, తిప్పి, సీరం వేరు చేసి, 2 నుంచి 8 డిగ్రీల్లో. వేరు చెయ్యకుండా రక్తాన్నే మంచుముక్కలా బిగుసుకునేలా ఐసులో పెడితే ఎర్రకణాలు పగిలి ఎలైజా పాడైపోతుంది. ట్యూబుకి చుట్టూ దూది, దాని మీద మూత బిగిసే డబ్బా, దాని మీద ఐస్ ప్యాకులతో థర్మకోల్ పెట్టె. ఫారం పెట్టె లోపల తడిసిపోతుంది, కవరులో వేసి బయట అంటించు. రెండో సీరం 10 నుంచి 14 రోజులకి తియ్యాలి. ఇంటికి వెళ్ళేవాళ్ళకి ఆ తేదీ ఓపీ చీటీ మీద రాసి, ఏ సంతరోజు పడుతుందో చూసి చెప్పు, అప్పుడైతే వస్తారు.

నీ వార్డులో ఉన్న ఆ నూట మూడు జ్వరం మనిషిని ఈ సాయంత్రమే కిటికీ పక్క మంచానికి మార్పించి, టార్చి తీసుకుని మొలతాడు కింద నుంచి మొదలుపెట్టు. పక్కు దొరికినా దొరక్కపోయినా డాక్సీ ఈ రాత్రికే పడాలి. అతనికి షుగరు ఉందో లేదో నువ్వు రాయలేదు. అది చూసి, ఉంటే రేపు స్కానింగ్‌కి పంపించి, ఏం తేలిందో నాకు ఫోన్ చెయ్యి. లాబ్ ఫారాలు యాభై, నౌపడా బండిలో వచ్చే మనిషి చేత పంపిస్తున్నాను. పైన కుడిపక్కన జ్వరం మొదలైన తేదీకి గడి ఉంది, అది నింపకుండా ఒక్క శాంపిలూ పంపకు.

అక్కయ్యకి నా నమస్కారాలు చెప్పు. పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
బావ